పిలుపునకు మారుపలుకు

పరీక్షా ఫలితములు వెలువడు దినమున లక్షలాది విద్యార్థులు ఒకే వేళకు కంప్యూటరుల యెదుటను, సెల్‌ఫోనుల యెదుటను కూర్చుందురు. తమ తమ హాల్ టిక్కెట్టు సంఖ్యలను నింపి బొత్తాము నొక్కుదురు. ఒక్కొక్కప్పుడు ఫలితము కానరాదు. "సర్వరు అందుబాటులో లేదు" అను వాక్యము మాత్రము తెరపై నిలుచును. దానిని చూచినవారు సర్వరు చెడిపోయినదని తలంతురు. అది నిజముగనే చెడిపోయి యుండవచ్చును. లేదా సర్వరు చక్కగ పనిచేయుచుండగనే నడుమ నెక్కడనో కేబులు తెగి యుండవచ్చును. లేదా చూచువాని యింటిలోని పెట్టెయే పని మాని యుండవచ్చును. మూడు సందర్భములందును చూచువానికి కలుగు ఇబ్బంది ఒక్కటే. ఫలితము కొంత ఆలస్యమైనంత మాత్రమున విద్యార్థికి పెద్ద నష్టము లేదు. కాని ఆసుపత్రులు, బ్యాంకులు, రైలు టిక్కెట్ల కార్యాలయములు కూడ నేడు ఇట్టి సర్వరులనే నమ్ముకొని నడచుచున్నవి. కావున లోపము ఎచ్చట నున్నదో త్వరగ కనుగొనుట ఒక ముఖ్యమైన విద్య యైనది. ఆ విద్యకు మొదటి పనిముట్టు "పింగు" అను చిన్న ప్రోగ్రాము.

సర్వరనగా ఇతర కంప్యూటరులు కోరిన సమాచారమును అందించు కంప్యూటరు. ఇంటర్నెట్టులో ఏ సమాచారమైనను ఒక్క ముద్దగ ప్రయాణము చేయదు. అది చిన్న చిన్న తునకలుగ విభజింపబడును. వానిని ప్యాకెట్లందురు. ప్రతి ప్యాకెట్టు మీదను పంపినవాని చిరునామా, అందుకొనవలసినవాని చిరునామా సంఖ్యల రూపమున నుండును. దారిలో రౌటరులను యంత్రములు కలవు. ఒక గ్రామమున వేసిన జాబు తాలూకా పోస్టాఫీసునకును, అచ్చటినుండి జిల్లా కేంద్రమునకును చేరి, క్రమముగ గమ్యమునకు పోవునట్లు ప్యాకెట్టు కూడ ఒక రౌటరు నుండి మరియొక రౌటరునకు చేరుచు పోవును. ఏ రౌటరునకును దారి యంతయు తెలియదు. తన తరువాతి మజిలీ ఏదియో మాత్రము తెలియును.

జాబు చేరనిచో తపాలావారు "చిరునామాదారుడు లేడు" అని వ్రాసి త్రిప్పి పంపుదురు. ప్యాకెట్ల విషయమునను అట్టి యేర్పాటు అవసరమని ఇంటర్నెట్టు నిర్మాతలు మొదటనే గుర్తించిరి. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఇందులకు తగిన నియమములను వ్రాసి ప్రకటించెను. వీనికి ఐ.సి.యం.పి. అని పేరు. "ఈ యంత్రము చేరరానిది", "ఈ ప్యాకెట్టునకు కాలము తీరినది" మొదలగు వార్తలను రౌటరులు ఈ నియమముల ప్రకారమే పంపినవానికి తెలుపును. వీనిలో "ప్రతిధ్వని" అను వార్తల జంట యొకటి కలదు. ఒక కంప్యూటరు ప్రతిధ్వనిని కోరుచు ప్యాకెట్టును పంపును. దాని నందుకొనిన కంప్యూటరు అదే సమాచారమును మారుపలుకుగ త్రిప్పి పంపును. ఇంటర్నెట్టునకు చేరిన ప్రతి కంప్యూటరును ఈ పిలుపునకు బదులు పలుకవలెనని 1989లో వెలువడిన నియమావళి విధించెను.

నియమము 1981లోనే ఉన్నను, దానిని సులభముగ వాడుకొనుటకు పనిముట్టు రెండు సంవత్సరములకు గాని పుట్టలేదు. మైక్ మూస్ అను యువకుడు అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, ఆ దేశపు సైన్యమునకు చెందిన బాలిస్టిక్ పరిశోధనాలయమున పనిచేయుచుండెను. 1983 జూలైలో నార్వే దేశమున జరిగిన యొక సమావేశమున డేవ్ మిల్స్ అను శాస్త్రజ్ఞుడు, ప్రతిధ్వని ప్యాకెట్లను పంపి అవి తిరిగి వచ్చుటకు పట్టు కాలమును కొలువవచ్చునని చెప్పగా మూస్ వినెను. ఆ సంవత్సరము డిసెంబరులో పరిశోధనాలయపు నెట్‌వర్కు వింతగ ప్రవర్తింపసాగెను. మూస్‌నకు మిల్స్ మాటలు జ్ఞప్తికి వచ్చినవి. వెంటనే ప్రోగ్రామును వ్రాసెను. కాని అది పనిచేయలేదు. అట్టి ప్యాకెట్లను పంపు శక్తి ఆ కంప్యూటరు మూల వ్యవస్థలోనే లేదని తేలెను. మూస్ పట్టు విడువక దానిని కూడ తానే సమకూర్చి, తెల్లవారకముందే పని ముగించెను. అతడు మొదటి ప్యాకెట్టును పంపులోపలనే సహోద్యోగి యొకడు చెడిన పరికరమును కనుగొని బాగుచేసెనట! ఏ చిక్కును విడదీయుటకు పింగు పుట్టినదో ఆ చిక్కునకు అది ఉపయోగపడలేదు. తరువాత లెక్కలేనన్ని చిక్కులను విడదీసినది.

జలాంతర్గాములు సముద్రగర్భమున ధ్వనిని పంపి, అది ఎదుటి వస్తువును తాకి తిరిగి వచ్చు కాలమును బట్టి దూరమును గుణించును. ఆ పరికరమును సోనారందురు. దాని ధ్వని చెవికి "పింగ్" అని వినబడును. మూస్ తన ప్రోగ్రామునకు ఆ ధ్వనినే పేరుగ నుంచెను. మూస్ చెప్పిన కథ యొకటి దీని ఉపయోగమును చక్కగ తెలుపును. ఒక కార్యాలయమున నెట్‌వర్కు తీగ యొకటి అప్పుడప్పుడు తెగుచు, అతుకుచు నుండెను. ఏ అతుకు వదులైనదో తెలియలేదు. అచ్చటి ఉద్యోగి పింగునకు మారుపలుకు వచ్చినప్పుడెల్ల కంప్యూటరు "పింగ్" అని బిగ్గరగ పలుకునట్లు ఏర్పాటు చేసెను. పిమ్మట భవనమంతయు తిరుగుచు ఒక్కొక్క అతుకును కదల్చి చూచెను. ఒక అతుకును కదల్పగనే ధ్వని ఆగిపోయెను. దోషము దొరికెను.

పింగు తెలుపు విషయములు మూడు: మారుపలుకు వచ్చినదా లేదా, వచ్చుటకు ఎంత కాలము పట్టినది, పంపినవానిలో ఎన్ని తిరిగి రాలేదు. కాలమును సెకనులో వేయవ వంతైన మిల్లీసెకనులలో కొలుతురు. గాజు తీగలలో వెలుగు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి న్యూయార్కు నగరము సుమారు 13,000 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 26,000 కిలోమీటర్లు. కావున తీగ తిన్నగ నున్నను 130 మిల్లీసెకనులకు తక్కువ కాలములో మారుపలుకు రాజాలదు. తీగలు వంకర త్రోవల పోవుటచేతను, నడుమ రౌటరులు ఉండుటచేతను నిజమునకు అంతకంటె ఎక్కువయే పట్టును. అందుచేత న్యూయార్కునుండి 250 మిల్లీసెకనులలో బదులు వచ్చినచో వింతపడ నక్కరలేదు. పొరుగు వీధిలోని యంత్రము అంత కాలము తీసికొన్నచో త్రోవలో రద్దీ యైన నుండవలెను, లోపమైన నుండవలెను.

సర్వరు అందనప్పుడు అనుభవజ్ఞుడు కంగారుపడి అన్ని బొత్తాములను నొక్కడు. దగ్గరనుండి దూరమునకు ఒక్కొక్క అడుగుగ పరీక్షించుకొని పోవును. మొదట తన కంప్యూటరు తనకే బదులు పలుకుచున్నదేమో చూచును. ఇందులకు 127.0.0.1 అను చిరునామా ప్రత్యేకింపబడి యున్నది. అది పలికినచో ఇంటిలోని రౌటరును పిలుచును. అదియు పలికినచో దేశమున మరియొక చోట నున్న ప్రసిద్ధమైన సర్వరును పిలుచును. ఇంటి రౌటరు పలికి, బయటివి ఏవియు పలుకనిచో లోపము ఇంటికి కనెక్షను ఇచ్చినవారి త్రోవలో నుండవచ్చును. తక్కిన సర్వరులన్నియు పలికి, కోరినది మాత్రము పలుకనిచో లోపము ఆ సర్వరునందో, దాని చేరువనో ఉండవలెను. ఇట్లు అడుగడుగునకు వెదకవలసిన చోటు ఇరుకగుచుండును.

తరువాత పేరును, సంఖ్యను వేరు చేసి చూడవలెను. మనుష్యులు సర్వరులను పేర్లతో పిలుతురు. యంత్రములకు సంఖ్యలు కావలెను. పేరు చెప్పిన సంఖ్యను తెలుపుటకు డి.యన్.యస్. అను వ్యవస్థ కలదు. సంఖ్యతో పిలిచినప్పుడు సర్వరు పలికి, పేరుతో పిలిచినప్పుడు పలుకనిచో సర్వరునందు దోషము లేదు. పేర్ల పట్టికయందే దోషము కలదు. 

అది కూడ సరిగ నున్నచో త్రోవను పరీక్షింపవలెను. ఇందులకు ట్రేస్‌రూట్ అను మరియొక ప్రోగ్రాము కలదు. దీనిని వాన్ జాకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1980వ దశకము ముగియకముందే వ్రాసెను. ప్రతి ప్యాకెట్టు మీదను ఒక సంఖ్య యుండును. ప్రతి రౌటరును దానిలోనుండి ఒకటి తగ్గించును. సంఖ్య సున్న యైనచో రౌటరు ఆ ప్యాకెట్టును పారవైచి, "కాలము తీరినది" అని పంపినవానికి తెలుపును. ట్రేస్‌రూట్ మొదట 1 అను సంఖ్యతోను, పిదప 2 తోను, 3 తోను వరుసగ ప్యాకెట్లను పంపును. మొదటిదానికి మొదటి రౌటరును, రెండవదానికి రెండవ రౌటరును బదులు చెప్పును. ఇట్లు మజిలీల పట్టిక తయారగును. కొన్ని రౌటరులు ప్యాకెట్లను ముందునకు పంపుచునే, తాము మాత్రము బదులు చెప్పవు. వాని స్థానమున నక్షత్రపు గుర్తులు కనబడును. ఆ తరువాతి మజిలీలు పలుకుచున్నచో ఆ గుర్తులను చూచి భయపడ నక్కరలేదు.

మారుపలుకు రాకుండుటకును, "చేరరానిది" అను వార్త వచ్చుటకును భేదము కలదు. "చేరరానిది" అని వార్త వచ్చినచో త్రోవలో ఎవరో ఒకరు ప్యాకెట్టును చూచి, దారి లేదని చెప్పినట్లు. చెప్పిన రౌటరు చిరునామా కూడ ఆ వార్తయందే కనబడును గాన వెదకుట సులభము. ఏ వార్తయు రానిచో ప్యాకెట్టు నశించి యుండవచ్చును. మారుపలుకు తిరుగు త్రోవలో నశించి యుండవచ్చును. లేదా కావలి ప్రోగ్రాము దానిని అడ్డగించి యుండవచ్చును. ఇట్టి కావలిని ఫైర్‌వాలందురు.

సర్వరు చెడకుండగనే అందకుండ పోవుటకు 2021 అక్టోబరు 4వ తేదీన లోకమంతయు ఒక నిదర్శనమును చూచినది. ఆ దినమున ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ అను మూడును సుమారు ఆరు గంటలు ఎవరికిని అందలేదు. మరమ్మతు పనిలో భాగముగ ఇచ్చిన యొక ఆజ్ఞ ఆ సంస్థ డేటా కేంద్రములను కలుపు మార్గముల నన్నిటిని తెగగొట్టెను. అట్టి ఆజ్ఞలను సరిచూడవలసిన ప్రోగ్రాములోనే దోషముండుటచే అది ఆగలేదు. డేటా కేంద్రములు కానరాకపోవుటతో, ఆ సంస్థ పేర్ల సర్వరులు తమ త్రోవల ప్రకటనలను ఉపసంహరించుకొనెను. పేర్ల సర్వరులు పనిచేయుచునే యున్నవి. వానికి పోవు దారియే లోకమునకు తెలియకుండ పోయినది. దూరమునుండి సరిదిద్దు సాధనములు కూడ ఆ నెట్‌వర్కు మీదనే ఆధారపడి యుండుటచే, ఇంజనీర్లు స్వయముగ డేటా కేంద్రములకు పోయి పని చక్కబెట్టవలసి వచ్చెను.

ఇక పింగునకు బదులు వచ్చినంత మాత్రమున అంతయు క్షేమమని తలచుటయు పొరపాటే. పింగునకు బదులు చెప్పునది కంప్యూటరు మూల వ్యవస్థ. ఫలితములను చూపవలసిన ప్రోగ్రాము దానికంటె వేరు. ప్రోగ్రాము నిలిచిపోయినను యంత్రము పింగునకు చక్కగ బదులు పలుకుచుండును. ఇంటి ముంగిట నిలిచి పిలువగా కావలివాడు "ఉన్నానండీ" అని పలికినంతనే యజమాని ఇంటనున్నాడని చెప్పలేము గదా! అందుచేత చివర అడుగుగ ఆ ప్రోగ్రాము పనిచేయు ద్వారమునే తట్టి చూడవలెను. అట్టి ద్వారమును పోర్టందురు. అట్లే పింగునకు పలుకని సర్వరు తన అసలు పనిని నిక్షేపముగ చేయుచుండవచ్చును. ఏలన, దాని యజమాని పింగును కావాలని అడ్డగించి యుండవచ్చును.

అడ్డగించుటకు కారణములు లేకపోలేదు. ఒక ప్యాకెట్టు 65,535 బైట్లకు మించి యుండరాదు. 1996లో కొందరు దుర్మార్గులు, తునకలుగ వచ్చి అతుకునప్పటికి ఆ పరిమితిని మించునట్లు పింగులను పంపి అనేక కంప్యూటరులను స్తంభింపజేసిరి. దీనికి "మృత్యు పింగు" అని పేరు వచ్చెను. కంప్యూటరు వ్యవస్థలను సవరించిన పిమ్మట ఆ దెబ్బ పనిచేయకుండ పోయెను. పిదప "స్మర్ఫ్" అను మరియొక మోసము బయలుదేరినది. ఒక నెట్‌వర్కులోని కంప్యూటరులన్నిటికి ఒకేసారి పోవునట్లు పింగును పంపి, పంపినవాని చిరునామాగ తాము చెరుపదలచినవాని చిరునామాను వ్రాయుదురు. అందరి మారుపలుకులును ఆ అమాయకుని మీద ఒక్కుమ్మడిగ పడును. దీనిని గూర్చి 1998 జనవరిలో హెచ్చరిక వెలువడెను. అట్టి సామూహిక పిలుపులను రౌటరులు మామూలుగ ముందునకు పంపరాదని 1999లో నియమమును మార్చిరి. 2003 ఆగస్టులో "నాచి" అను పురుగు ప్రోగ్రాము ఏ కంప్యూటరులు మేలుకొని యున్నవో పింగుల ద్వారా కనుగొని వానిలో ప్రవేశించెను. దాని పింగుల వరదచే నెట్‌వర్కులు కిక్కిరిసిపోయెను. అప్పుడు పలువురు నిర్వాహకులు పింగులను పూర్తిగ మూసివైచిరి. ఆ అలవాటు అనేక చోట్ల నేటికిని నిలిచియున్నది.

పింగును మూసివైచినచో సర్వరు దొంగల కంట బడదని కొందరి నమ్మకము. ఇది కొంతవరకే నిజము. పలుకనిచో సోమరి దొంగ దాటిపోవచ్చును. పట్టుదల గల దొంగ నేరుగ ద్వారములనే తట్టి చూచును. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమువారు ఒకే కంప్యూటరుతో, ఇంటర్నెట్టులోని నాలుగవ తరహా చిరునామాలనన్నిటిని 45 నిమిషములలోపుగ తట్టి చూడవచ్చునని నిరూపించిరి. ఆ పనికి పింగుతో అవసరమే లేదు. లోకులకు పుటలను చూపుటకై తలుపు తెరచి కూర్చున్న సర్వరు పింగునకు పలుకకున్నను దాగియుండలేదు. దానిని కాపాడునవి వేరు: అక్కరలేని ద్వారములను మూయుట, ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు సవరించుట, సంకేతపదములను భద్రపరచుట.

పింగును మాత్రమే గాక ఐ.సి.యం.పి. వార్తలన్నిటిని మూయువారును కలరు. దీనివలన గొప్ప హాని కలుగును. సాధారణముగ కార్యాలయపు నెట్‌వర్కులో ఒక ప్యాకెట్టు 1500 బైట్ల వరకు ఉండవచ్చును. త్రోవలో కొన్ని మార్గములు అంతకంటె ఇరుకు. ఇండ్లకు ఇచ్చు కొన్ని కనెక్షనులలో 1492 బైట్లే పట్టును. పెద్ద ప్యాకెట్టు అట్టి చోటికి వచ్చినప్పుడు రౌటరు దానిని పారవైచి, "ఇది పెద్దది, చిన్నదానిని పంపుము" అని పంపినవానికి ఐ.సి.యం.పి. వార్త పంపును. ఆ వార్తను ఫైర్‌వాలు మ్రింగివైచినచో పంపిన సర్వరునకు ఏమియు తెలియదు. అది మరల మరల ఆ పెద్ద ప్యాకెట్టునే పంపుచుండును. అది మరల మరల నశించుచుండును. చిన్న పుటలు తెరుచుకొనును, పెద్దవి సగములో ఆగిపోవును. చిన్న పింగులు కూడ పోయి వచ్చుచుండును గాన కారణము ఒకంతట దొరకదు. నిపుణులు దీనిని కృష్ణబిలమందురు. ఆరవ తరహా ఇంటర్నెట్టు చిరునామాల పద్ధతిలో నడుమ నున్న రౌటరులు ప్యాకెట్లను ముక్కలు చేయవు; ఇరుగుపొరుగు యంత్రములను కనుగొనుటకు కూడ ఈ వార్తలే కావలెను. అచ్చట వీనిని పూర్తిగ మూయుట, ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొనుట వంటిది.

కావున వివేకవంతుడైన నిర్వాహకుడు మధ్యమార్గమును అవలంబించును. "చేరరానిది", "పెద్దది", "కాలము తీరినది" అను వార్తలను అడ్డగింపడు. లోకులందరు వాడుకొను సర్వరులను పింగునకు పలుకనిచ్చును; కాని సెకనునకు ఇన్ని అని మితి విధించును. మితి మీరిన పిలుపులకు సర్వరు బదులు చెప్పదు. అందుచే వరద వచ్చినను అలసిపోదు. నెట్‌వర్కు మొత్తమునకు ఒకేసారి చేయు పిలుపులను సరిహద్దులోనే ఆపివేయును. సంస్థ లోపల మాత్రమే వాడవలసిన యంత్రములను బయటివారి పింగులకు పలుకనీయడు. తన పరీక్షకులకు మాత్రము పలుకనిచ్చును. ఎందులకు మూసెనో, ఎవరికి తెరచెనో వ్రాసి యుంచును. లేనిచో అర్ధరాత్రి సర్వరు అందని వేళ మరియొక ఉద్యోగి వచ్చి, ఆ మౌనమును చావుగ భ్రమించి, బ్రతికియున్న సర్వరును మరమ్మతు చేయబూనును. అచ్చట లోపము వేరొక చోట నుండగ కాలము వ్యర్థమగును. ఆ సర్వరును నమ్ముకొన్న ఆసుపత్రియో, బ్యాంకో అంతవరకు వేచియుండవలెను.

మైక్ మూస్ 2000 నవంబరులో ఒక కారు ప్రమాదమున మరణించెను. ఒక్క రాత్రి అతడు వ్రాసిన ప్రోగ్రాము ఇంచుమించు వేయి పంక్తులది. అది నేడు దాదాపు ప్రతి కంప్యూటరులోను కలదు. సర్వరు అందనప్పుడు లోకములో ఏ మూలనున్న ఇంజనీరైనను మొదట చేయు పని దానిని పిలుచుట. బదులు వచ్చినచో తరువాతి అడుగు వేయును. రానిచో ఎందులకు రాలేదని విచారించును. రెండింటిలో దేనినిబట్టియు తొందరపడి తీర్పు చెప్పకుండుటయే ఈ విద్యలోని మెలకువ.